అమ్ముడుపోని పాటకూ అరలో చోటు

మోజెస్ ఆష్ అనే ఆయన 1948లో న్యూయార్క్‌లో ఫోక్‌వేస్ పేరుతో ఒక చిన్న రికార్డుల సంస్థ పెట్టాడు. 1986లో ఆయన చనిపోయేనాటికి అది తెచ్చిన ఆల్బమ్‌లు రెండు వేలు దాటాయి. వాటిలో కొండప్రాంతాల బాంజో పాటలున్నాయి, కార్మికుల పాటలున్నాయి, నల్లజాతి గాయకుల బ్లూస్ ఉంది, ఉత్తర అమెరికా కప్పల అరుపులతోనే నిండిన ఆల్బమ్ కూడా ఒకటుంది. చాలావాటిని కొనేవాళ్లు బహు కొద్దిమంది. అయినా ఏ ఒక్కదాన్నీ ఆష్ జాబితాలోంచి తీసెయ్యలేదు. తక్కువగా వాడతామని నిఘంటువులోంచి ఒక అక్షరాన్ని తీసేస్తామా అన్నది ఆయన వాదన. 1987లో స్మిత్‌సోనియన్ సంస్థ ఫోక్‌వేస్‌ను తీసుకున్నప్పుడు పెట్టిన షరతు కూడా అదే: అమ్ముడుపోయినా పోకపోయినా ప్రతి ఆల్బమ్ ఎప్పుడూ దొరుకుతూ ఉండాలి. ఊళ్లో ఉండే ఏ దుకాణమూ ఇలాంటి షరతును మోయలేదు. అద్దె కట్టే షాపులో అరకు విలువ ఉంటుంది, కదలని సరుకు అక్కడ నిలవదు. ఆన్‌లైన్ దుకాణంలో ఆ ఇబ్బంది లేదు. ఇవాళ ఫోక్‌వేస్ వెబ్‌సైట్‌లో ఆ పాత ఆల్బమ్‌లను డౌన్‌లోడ్‌గా కొనుక్కోవచ్చు, సీడీ కావాలంటే ఆర్డర్ వచ్చాక అప్పటికప్పుడు తయారుచేసి పంపుతారు. ఆల్బమ్‌తో వచ్చిన వివరాల పుస్తకాన్నయితే డబ్బు కట్టకుండానే దించుకోవచ్చు.

ఆన్‌లైన్‌లో పాటలు కొనడం గురించి మాట్లాడేటప్పుడు ఫోక్‌వేస్‌తో మొదలుపెట్టడానికి కారణం ఉంది. నెలకు వంద, నూట యాభై రూపాయలకే లక్షల పాటలు ఫోన్‌లోకి వస్తుంటే ఆల్బమ్ కొనడం దండగ అనే అభిప్రాయం స్థిరపడిపోయింది. కోట్లమంది వినే సినిమా పాటల విషయంలో ఆ మాటతో పేచీ పెట్టుకోనక్కర్లేదు. జానపదానికీ, పెద్ద కంపెనీల అచ్చులో ఒదగకుండా 1980లలో అమెరికా కాలేజీ రేడియోల మీదా చిన్న రికార్డు సంస్థల (లేబుళ్ల) మీదా పెరిగిన ఆల్టర్నేటివ్ రాక్‌కూ మాత్రం అది వర్తించదు. ఈ రెంటికీ శ్రోతలు తక్కువ, ప్రేమ ఎక్కువ. ఇలాంటి సంగీతం బతకాలంటే వినడం ఒక్కటే సరిపోదు, కొనాలి. అదీ పాడినవారికి దగ్గరగా ఉండే దుకాణంలో కొనాలి.

లెక్క చూస్తే ఈ మాట ఎందుకు అనాల్సి వస్తుందో తెలుస్తుంది. స్ట్రీమింగ్ కంపెనీలు చాలావరకు చందా డబ్బునంతా ఒకే కుప్పగా పోసి, మొత్తం వినికిడిలో ఎవరి వాటా ఎంతో చూసి పంచుతాయి. మీరు నెలంతా ఒక్క జానపద గాయనినే విన్నా మీ చందా నేరుగా ఆమెకు చేరదు. ఆ నెలలో ప్రపంచమంతా ఊగిపోయిన పాటల వైపే అందులో ఎక్కువ భాగం పోతుంది. ఒకసారి వింటే హక్కుదారుకు దక్కేది సుమారుగా సెంటులో మూడో వంతు అని సాధారణంగా చెప్పే అంచనా. అందులోంచి లేబుల్ వాటా పోయాకే గాయకుడికి. పైగా 2024 నుంచి స్పాటిఫైలో ఏడాదికి వెయ్యిసార్లయినా వినని పాటకు ఆ రికార్డింగు మీద రాయల్టీ లేదు. ఇప్పుడు బ్యాండ్‌క్యాంప్ అనే దుకాణం చూడండి. 2008లో మొదలైన ఈ వెబ్‌సైట్‌లో గాయకులూ చిన్న లేబుళ్లూ తమ ఆల్బమ్‌లను తామే పెట్టి, ధర తామే నిర్ణయిస్తారు. డిజిటల్ అమ్మకం మీద సైటు 15 శాతం, సీడీలూ రికార్డుల వంటి వస్తువుల మీద 10 శాతం తీసుకుంటుంది, చెల్లింపుల రుసుము కొంత పోతుంది. పది డాలర్ల ఆల్బమ్ ఒకటి అమ్మితే పాడినవారికి ఇంచుమించు ఎనిమిది డాలర్లు మిగులుతాయి. అదే ఎనిమిది డాలర్లు స్ట్రీమింగ్‌లో రావాలంటే సుమారు 2,400 సార్లు ఎవరో ఒకరు పాట వినాలి. పది పాటల ఆల్బమ్‌ను మొదటినుంచి చివరిదాకా 240 సార్లు విన్నట్టు. ఎంత ఇష్టమైన ఆల్బమ్‌నైనా అన్నిసార్లు వినేవాళ్లు అరుదు. 2020 మార్చిలో కోవిడ్ వల్ల కచేరీలు ఆగిపోయినప్పుడు ఈ దుకాణం ఒక శుక్రవారం తన వాటా పూర్తిగా వదులుకుంది. ఆ పద్ధతిని తరవాత కూడా కొన్ని శుక్రవారాలు కొనసాగించింది. పాటలు కొనేవాళ్లలో చాలామంది ఆ రోజుల కోసమే జాబితా రాసిపెట్టుకుంటారు.

కొనేటంత స్తోమత అందరికీ ఉండదు కదా అనేది న్యాయమైన అభ్యంతరం. ఏడు నుంచి పది డాలర్లంటే మనకు ఆరు వందల నుంచి తొమ్మిది వందల రూపాయలు, విద్యార్థికి అది చిన్న మొత్తం కాదు. అయితే ఇక్కడ ధర రాయి మీద చెక్కింది కాదు. వాషింగ్టన్ బ్యాండ్ ఫుగాజీ 2011లో తన పాత కచేరీల రికార్డింగులను వందల సంఖ్యలో అమ్మకానికి పెట్టినప్పుడు ఒక్కోదానికి అయిదు డాలర్లు సూచించి, ఒక డాలరు నుంచి వంద దాకా ఎవరి శక్తికి తగ్గట్టు వారు ఇవ్వొచ్చంది. రేడియోహెడ్ 2007 అక్టోబరులో ‘ఇన్ రెయిన్‌బోస్’ డౌన్‌లోడ్‌కు ధర ఎంతో కొనేవారే చెప్పమంది. ఆనాటికే ప్రపంచ ప్రసిద్ధి ఉన్న బ్యాండు కాబట్టి చెల్లింది అని అప్పట్లో విమర్శ వచ్చింది, అందులో నిజముంది. కానీ ఇష్టం వచ్చినంత ఇవ్వండి అనే పద్ధతి ఇప్పుడు పేరులేని గాయకులకూ అందుబాటులో ఉంది. కొనేముందు ఆల్బమ్ వినే వీలు కూడా చాలాచోట్ల ఉంటుంది. అన్నీ కొనమని కాదు, ఏడాదిలో మనసుకు బాగా పట్టిన మూడో నాలుగో కొనమనే అడుగుతున్నాను.

రెండో అభ్యంతరం ఇంతకంటే బరువైనది. దుకాణమే మూతపడితే? ఈ భయానికి ఆధారాలు చాలా ఉన్నాయి. బ్యాండ్‌క్యాంప్‌నే 2022లో ఎపిక్ గేమ్స్ కొంది, మరుసటి ఏడాదే సాంగ్‌ట్రేడర్‌కు అమ్మేసింది, ఆ చేతులు మారడంలో ఉద్యోగుల్లో దాదాపు సగం మంది బయటికి పోయారు. మన దేశంలో ఫ్లిప్‌కార్ట్ 2012 ఫిబ్రవరిలో ఫ్లైట్ పేరుతో పాటల దుకాణం తెరిచి 2013 జూన్‌లో మూసేసింది. 2008లో యాహూ తన పాటల దుకాణం మూసినప్పుడు, కాపీ చెయ్యకుండా డిజిటల్ తాళం వేసి అమ్మిన ఆ పాటలను ఇక కొత్త కంప్యూటర్‌లోకి మార్చుకోవడం కుదరదని కొన్నవారికి తెలిసింది. అన్నిటికంటే పెద్ద నష్టం మైస్పేస్‌ది. 2000ల్లో చిన్న రాక్ బ్యాండ్లన్నిటికీ అదే ఇల్లు. 2016కు ముందు ఎక్కించిన పాటలు సర్వర్ల మార్పిడిలో పోయాయని 2019లో ఆ సంస్థే ఒప్పుకుంది. పోయినవి అయిదు కోట్లదాకా ఉంటాయని అప్పట్లో వార్తలొచ్చాయి. వాటిలో మరెక్కడా కాపీ లేనివి ఎన్నో! ఈ ఉదాహరణలన్నీ కొనడానికి వ్యతిరేకం అనుకుంటే పొరపాటు. కొన్న ఫైలును దించుకుని దాచుకోవాలని అవి చెబుతున్నాయి. తాళం లేని ఎంపీత్రీగానో, నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫైలుగానో మీ హార్డ్ డిస్క్‌లో ఉన్న ఆల్బమ్‌ను దుకాణం మూతపడ్డా ఎవరూ పట్టుకుపోలేరు. స్ట్రీమింగ్‌లో మీ దగ్గర ఉండేది ఆ నెల వినడానికి అనుమతి మాత్రమే. ఏ రాత్రి ఏ ఒప్పందం ముగిసి ఏ ఆల్బమ్ మాయమవుతుందో శ్రోతకు ముందు చెప్పేవారుండరు. అందుకే కొనేముందు చూసుకోవాల్సింది ఒకటే: ఫైలు చేతికిస్తారా, లేక తమ యాప్‌లోనే వినమంటారా?

జానపదం అందరిదీ, దానికి డబ్బెందుకు అనే మాట మన దగ్గర ఎక్కువ వినబడుతుంది. పాట అందరిదే. దాన్ని గొంతులో మోసుకొచ్చిన మనిషి శ్రమ మాత్రం ఆ మనిషిదే. అమెరికాలో ఎలిజబెత్ కాటన్ కథ దీనికి సాక్ష్యం. ఎడమచేతి వాటం కావడంతో గిటారును తలకిందులుగా పట్టి వాయించిన ఈ నల్లజాతి మహిళ చిన్నతనంలోనే ‘ఫ్రైట్ ట్రెయిన్’ పాట కట్టింది. తరవాత దశాబ్దాల పాటు సంగీతం పక్కనపెట్టి ఇళ్లలో పనిచేసింది. ఆమె పనిచేసిన సీగర్ అనే సంగీతకారుల కుటుంబం ద్వారా ఆ పాట బ్రిటన్ చేరి, అక్కడ వేరేవాళ్ల పేరు మీద నమోదై హిట్టయింది. దాని మీద ఆమె హక్కు నిలబెట్టడానికి పోరాడాల్సి వచ్చింది. 1958లో ఫోక్‌వేస్ తెచ్చిన ఆల్బమ్‌లో ఆమె గొంతూ, వేళ్లూ, పేరూ ఒకచోట ఉన్నాయి. జానపద ఆల్బమ్‌కు వివరాల పుస్తకం ఎందుకు ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది. ఎవరు పాడారు, ఏ ఊళ్లో రికార్డు చేశారు, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్నది అందులోనే ఉంటుంది. స్ట్రీమింగ్‌లో అయితే ఫోన్ తెరమీద గోరంత బొమ్మా ఒక పేరూ తప్ప ఏమీ మిగలవు. 2021లో ‘సారంగ దరియా’ అనే జానపదం సినిమాలోకి వచ్చినప్పుడు అది ఎవరి పాట, ఎవరు సేకరించారు అన్న వివాదం తెలుగునాట ఎంత చెలరేగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. గాయని పేరూ, నేర్పినవారి పేరూ, ఊరి పేరూ రాసిన ఆల్బమ్ ముందే ఉంటే ఆ వాదనకు ఒక ఆధారం దొరికేది.

పాత ఎల్పీ రికార్డులు కావాలనుకునేవారికి దారి వేరు. అమెరికాలో 2022లో, 1987 తరవాత మొదటిసారిగా, సీడీలకంటే ఎల్పీలు ఎక్కువ అమ్ముడయ్యాయి. పాతవి వెతికేవారికి 2000లో మొదలైన డిస్కాగ్స్ పెద్ద ఆధారం. ఒక ఆల్బమ్ ఏయే దేశంలో, ఏయే ఏడాది, ఎన్నిసార్లు ముద్రణ అయిందో వాడేవారే అందులో నమోదు చేస్తూ వచ్చారు. అక్కడ కొనేటప్పుడు రికార్డు స్థితికీ అట్ట స్థితికీ వేరువేరుగా ఇచ్చిన గ్రేడు చదవాలి. రికార్డు మధ్యలో అంటించిన లేబుల్ కాగితం చుట్టూ ఉండే ఖాళీ వలయంలో గీసిన అంకెలు ఫలానా ముద్రణవేనా అని అమ్మేవారిని అడగాలి. విదేశం నుంచి మన దేశానికి తెప్పిస్తే తపాలా ఖర్చూ కస్టమ్స్ సుంకమూ కలిసి కొన్నిసార్లు రికార్డు ధరను మించిపోతాయి. అందుకే పాట కోసమైతే ఫైలు చాలు, వస్తువు మీద మోజుంటేనే ఎల్పీ అని నా సలహా.

మన జానపద గాయకుల్లో ఎక్కువమంది ఇప్పుడు యూట్యూబ్ మీదే ఆధారపడ్డారు. అక్కడ లక్షలమంది చూస్తే తప్ప ప్రకటనల డబ్బు చెప్పుకోదగ్గంత రాదు, కాబట్టి పెళ్లి బరాతుల్లో మోగే వేగంలోకి పాటను మార్చాలన్న ఒత్తిడి పెరుగుతుంది. నెమ్మదిగా సాగే జాలరి పాటకో, ఒగ్గుకథలో ఒక ఘట్టానికో లక్షలమంది దొరకరు. మూడు వందల మంది దొరకొచ్చు. ఆ మూడు వందల మందీ హైదరాబాద్‌లోనో విశాఖలోనో డాలస్‌లోనో ఉండి తలా అయిదు వందలు పెట్టి ఆల్బమ్ కొంటే లక్షన్నర రూపాయలవుతుంది. దుకాణం వాటా పోయినా రికార్డింగు ఖర్చుకు పనికొచ్చే మొత్తమే మిగులుతుంది. బ్యాండ్‌క్యాంప్ లాంటి చోట గాయకులు పేజీ తెరవడానికి రుసుము లేదు, లేబుల్ సిఫారసు అక్కర్లేదు. పాటతో పాటు ఊరూ పేరూ రాసిపెట్టే ఓపిక ఉన్న సేకర్తలు మన విశ్వవిద్యాలయాల జానపద శాఖల్లో ఇప్పటికే ఉన్నారు.