ఇంగ్లీష్ గ్రామర్: ‘కోసి.. ఆరబెట్టి..’ అని ఈజీగా కలిపేస్తాం, మరి ఇంగ్లీష్‌లో తేడా ఎక్కడ కొడుతోంది?

‘కాయ కోసి, కల్లంలో ఆరబెట్టి, తాలు ఏరి, టిక్కీలు కట్టి యార్డుకు తెచ్చాం’.. గుంటూరు మిర్చి యార్డులో ఏ రైతైనా ఇలాగే చెబుతాడు. ఐదు పనులు, ఒక్కటే వాక్యం. తెలుగు వ్యాకరణంలో ‘కోసి’ని క్త్వార్థకం అని, ‘కోస్తూ’ని శత్రర్థకం అని అంటారు. 10వ తరగతి తెలుగు పేపర్‌లో సంక్లిష్ట వాక్యంగా మార్చమంటే పిల్లలు చేసేది ఇదే. ఇంగ్లీష్‌లో దాదాపు ఇదే పని పార్టిసిపుల్ ఫ్రేజ్ చేస్తుంది.

‘ద ఫార్మర్ సోల్డ్ ద మిర్చి. హీ వెంట్ హోమ్’. ఈ రెండూ కలిపితే ‘హావింగ్ సోల్డ్ ద మిర్చి, ద ఫార్మర్ వెంట్ హోమ్’. అంటే అమ్మేసి ఇంటికెళ్లాడు. పనులు ఒకేసారి జరిగితే ఐఎన్‌జీ వస్తుంది. ‘సింగింగ్ ఎ సాంగ్, ద విమెన్ పిక్డ్ ద కాటన్’.. పాట పాడుతూ పత్తి తీశారు. ఇంతవరకు మన పిల్లలకు ఇబ్బందే లేదు.

అసలు చిక్కు ‘వాన పడి కాయ తడిసింది’ దగ్గర. పడింది వాన, తడిసింది కాయ. కర్తలు వేరైనా కారణం చెప్పేటప్పుడు తెలుగు ఒప్పుకుంటుంది. ఇంగ్లీష్‌లో పార్టిసిపుల్‌కు వేరే కర్తను విడిగా చెప్పకపోతే కుదరదు. ‘రెయినింగ్ హెవీలీ, ద చిల్లీస్ గాట్ వెట్’ అని రాస్తే మిరపకాయలే వానలా కురిశాయని అర్థం! ఇక్కడ ‘బికాజ్ ఇట్ రెయిన్డ్ హెవీలీ’ అని మొదలుపెట్టడమే మేలు.

పరీక్షలో అయితే ఒక మార్కు పోతుంది. కానీ ప్రకాశం జిల్లాలో పత్తి వేసిన తండ్రి కోసం కొడుకు ఇంగ్లీష్‌లో అర్జీ రాస్తుంటే? ‘డ్యామేజ్డ్ బై పింక్ బాల్‌వార్మ్, ద ఫార్మర్ సోల్డ్ ద కాటన్ చీప్లీ’ అని రాశాడనుకుందాం. గులాబీ రంగు పురుగు పాడుచేసింది పత్తినా, రైతునా? కామా తర్వాత వెంటనే వచ్చే పేరుకే ఆ ఫ్రేజ్ అతుక్కుంటుంది మరి. అందుకే పత్తిని ముందుకు తేవాలి.. ‘డ్యామేజ్డ్ బై పింక్ బాల్‌వార్మ్, ద కాటన్ వాజ్ సోల్డ్ చీప్లీ’.

ఇంకోటి.. మనలా నాలుగు ‘కోసి, ఏరి’లు వరుసగా పేర్చితే ఇంగ్లీష్ వాక్యం నడవదు. మొదటి ఒకటి రెండు పనులకే పార్టిసిపుల్ వాడి, మిగతావి మామూలు క్రియలతో చెప్పాలి. యార్డు రైతు మాట అప్పుడు ఇలా ఉంటుంది.. ‘హావింగ్ పిక్డ్ అండ్ డ్రైడ్ ద చిల్లీస్, వుయ్ సార్టెడ్ దెమ్, ప్యాక్డ్ దెమ్ అండ్ బ్రాట్ దెమ్ టు ద యార్డ్’.