ఎగరని ఇంజనుకే ఎక్కువ ముప్పు
తేమగాలిలో తేలికపాటి విమానాల నిర్వహణ కత్తిమీద సాము

కోల్‌కతా: వాడినకొద్దీ అరిగిపోవడం యంత్రాల సహజ లక్షణం. చిన్న విమానాల ఇంజన్ల విషయంలో మాత్రం వాడకపోవడమే అసలు ముప్పుగా పరిణమిస్తోంది. బంగాళాఖాతం నుంచి వీచే తేమగాలి ఏడాదిలో చాలా నెలలపాటు కమ్ముకొని ఉండే కోల్‌కతా వంటి నగరంలో, హ్యాంగరులో కదలక నిలిచిపోయిన ఇంజను లోలోపల తుప్పుపడుతుంది. అది బయటికి కనిపించదు. పైన పటారం, లోన లొటారం అన్న సామెత ఇలాంటి ఇంజన్లకు సరిగ్గా సరిపోతుంది.

శిక్షణకు, వినోద విహారానికి వాడే విమానాల్లో అత్యధికం ఒకే ఇంజనుతో నడిచేవి. అది గాలిలో ఆగిపోతే ఆదుకొనేందుకు రెండోది ఉండదు. అందులో ఉన్నది తొలిసారి ఒంటరిగా గాలిలోకి లేచిన విద్యార్థి కావచ్చు, సెలవునాటి సరదాకు వచ్చిన సభ్యుడు కావచ్చు. కాబట్టి ఇంజను నిర్వహణ ఖర్చుల పద్దు మాత్రమే కాదు, ప్రాణాలకు సంబంధించిన విషయం కూడా.

ఆముదంతో మొదలు

ఈ నగరానికి చిన్న విమానాలతో అనుబంధం నిన్న మొన్నటిది కాదు. 1911 జనవరిలోనే అప్పటి కలకత్తా ప్రజలు బ్రిస్టల్ బాక్స్‌కైట్ విమాన విన్యాసాలను కళ్లారా చూశారు. 50 అశ్వశక్తిగల దాని నోమ్ ఇంజనులో సిలిండర్లు కూడా పంకాతోపాటు గిరగిరా తిరిగేవి. పెట్రోలులో సులభంగా కరగదన్న కారణంతో ఇటువంటి ఇంజన్లకు కందెనగా ఆముదాన్నే వాడేవారు. మహబూబ్‌నగర్, నల్గొండ మెట్ట రైతులకు చిరపరిచితమైన పంట ఆ రోజుల్లో విమానాల గుండెకు తైలమైందన్న మాట.

1929 ఫిబ్రవరిలో డమ్‌డమ్ విమానాశ్రయంలో బెంగాల్ ఫ్లయింగ్ క్లబ్‌ను నాటి గవర్నర్ సర్ స్టాన్లీ జాక్సన్ ప్రారంభించారు. జేఆర్డీ టాటా పైలట్ లైసెన్సు పొందింది కూడా ఆ నెలలోనే. అప్పటి క్లబ్బుల్లో ప్రధానంగా డి హావిలాండ్ మాత్ విమానాలు ఎగిరేవి. స్వాతంత్ర్యానంతరం బెంగుళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ క్లబ్బుల కోసమే పుష్పక్ విమానాన్ని రూపొందించింది. 1958లో తొలిసారి ఎగిరిన ఈ విమానానికి 90 అశ్వశక్తిగల కాంటినెంటల్ ఇంజనును అమర్చారు. ఆ తరువాతి దశాబ్దాల్లో దేశంలోని శిక్షణ కేంద్రాల్లో సెస్నా విమానాలు విస్తరించాయి.

రెండు రోజులు చాలు

సెస్నా-152లో ఉండే లైకోమింగ్ ఇంజను నిర్మాణం చూడటానికి సరళమే. రెండు వైపులా రెండేసి చొప్పున నాలుగు సిలిండర్లు, వాటిని చల్లార్చేందుకు ఎదురుగాలి, 110 అశ్వశక్తి. ప్రతి సిలిండరుకూ రెండు స్పార్క్ ప్లగ్గులు ఉంటాయి. వాటికి విద్యుత్తునందించే మాగ్నెటోలు కూడా రెండు. ఒకటి చెడినా రెండోది ఇంజనును నడిపిస్తుంది. బ్యాటరీ పూర్తిగా పడిపోయినా ఇంజను ఆగదు.

ఇంత పకడ్బందీగా తయారైన యంత్రాన్ని కుంగదీసేది నీరు. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో వెలువడుతుంది. అందులో అధికభాగం పొగగొట్టం గుండా పోయినా, కొంత పిస్టన్ల సందుల్లోంచి దిగి ఆయిలులో కలుస్తుంది. ఇంజను చల్లారాక ఆ నీరు ఆమ్లాలతో కలిసి క్యామ్ షాఫ్టును, సిలిండరు గోడలను తినివేస్తుంది. తేమ అధికంగా ఉన్న ప్రాంతాల్లో కొత్త ఇంజను రెండు రోజులు నిలిచిపోయినా సిలిండరు గోడలపై తుప్పు కనిపించవచ్చునని లైకోమింగ్ సంస్థే తన వినియోగదారులను హెచ్చరించింది.

దీనికి విరుగుడుగా అప్పుడప్పుడు ఇంజనును నేలపైనే కాసేపు తిప్పి ఆపేయడం కొందరికి అలవాటు. మేలు మాట అటుంచి, ఇది కీడే చేస్తుందని నిపుణుల అభిప్రాయం. నేలమీద నడిచినప్పుడు ఆయిలు తగినంత వేడెక్కదు. పాత తేమ పోకపోగా కొత్త తేమ చేరుతుంది. ఆయిలు ఉష్ణోగ్రత సుమారు 75 నుంచి 93 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండేలా నెలకొకసారైనా కనీసం గంటసేపు ఏకధాటిగా ఎగరాలన్నది తయారీదారుల సూచన. అది సాధ్యం కానప్పుడు తుప్పునిరోధక ఆయిలు నింపి, స్పార్క్ ప్లగ్గుల స్థానంలో తేమను పీల్చే సిలికా గుళికల బిరడాలు బిగించి ఇంజనును భద్రపరచాలి. తేమ పీల్చిన కొద్దీ గుళికల నీలిరంగు గులాబీ రంగుకు మారుతుంది. అప్పుడు వాటిని మార్చాలి.

వేసవిలోనూ మంచు

తేమ తెచ్చిపెట్టే రెండో చిక్కు కార్బురేటర్‌లో మంచు పేరుకోవడం. కోల్‌కతాలో మంచేమిటన్న సందేహం సహజం. ఇంధనం ఆవిరయ్యే సమయంలో కార్బురేటర్ లోపలి గాలి ఉష్ణోగ్రత 30 డిగ్రీలకు పైగా పడిపోవచ్చు. అందువల్ల బయట వెచ్చగా ఉన్నా, తేమ అధికంగా ఉంటే లోపల మంచు గడ్డకడుతుంది. ముఖ్యంగా వేగం తగ్గించి కిందికి దిగే సమయంలో ఈ ప్రమాదం ఎక్కువ. అప్పుడు పైలట్ వేడిగాలిని లోపలికి మళ్లించే మీటను లాగాలి. మంచు కరిగి నీరు ఇంజనులోకి పోతున్నంతసేపు అది మరింతగా తడబడుతుంది. కంగారుపడి మీటను వెనక్కి నెట్టకుండా ఓపిక పట్టినవారికి ఇంజను మళ్లీ పుంజుకుంటుంది.

ఎగరడానికి ముందు చేసే పరీక్షల్లో ఈ మీట పనితీరు కూడా ఒకటి. ఇంజనును నిమిషానికి 1,700 చుట్ల వేగంతో తిప్పుతూ మాగ్నెటోలను ఒకదాని తర్వాత ఒకటిగా ఆపి చూస్తారు. సెస్నా-152లో వేగం 125 చుట్లకు మించి పడిపోకూడదు, రెండింటి మధ్య తేడా 50 చుట్లు దాటకూడదు. రాత్రి చల్లదనానికి ట్యాంకులో చేరిన నీరు పెట్రోలు కన్నా బరువు గనుక అడుగున నిలుస్తుంది. తెల్లవారగానే అడుగు కుళాయి నుంచి కొంత ఇంధనాన్ని గాజు గొట్టంలోకి వదిలి చూడటం తప్పనిసరి. విమాన పెట్రోలుకు నీలిరంగు వేయడం వల్ల నీటిబొట్టు వెంటనే బయటపడుతుంది.

ప్రతి 50 గంటలకు ఆయిలు మార్చి, పాత ఫిల్టరును కోసి లోహపు రజను ఉన్నదేమో చూస్తారు. 100 గంటలకు సమగ్ర తనిఖీ జరుపుతారు. సిలిండరులోకి 80 పౌండ్ల ఒత్తిడితో గాలి పంపినప్పుడు అది 60 కంటే తక్కువే నిలిస్తే సిలిండరును అనుమానించవలసిందే. ఈ పనులపై లైసెన్సు పొందిన ఇంజనీరు సంతకం లేనిదే విమానం కదలరాదు.

బంకు పెట్రోలుతో చిక్కు

ఇంధనం విషయానికి వస్తే, ఈ ఇంజన్లకు కావలసిన విమాన పెట్రోలును మన దేశం చాలాకాలం దిగుమతి చేసుకుంది. 2022 సెప్టెంబరులో ఇండియన్ ఆయిల్ సంస్థ వడోదరాలోని తన రిఫైనరీలో తయారైన విమాన పెట్రోలును విడుదల చేయడంతో శిక్షణ సంస్థలకు కొంత ఊరట లభించింది.

కాగా, మైక్రోలైట్ విమానాల్లో విరివిగా వాడే ఆస్ట్రియా దేశపు రోటాక్స్-912 ఇంజన్లు మామూలు మోటారు పెట్రోలుతోనూ నడుస్తాయి. వాయుసేన, నౌకాదళం, ఎన్‌సీసీల కోసం 2015లో కొనుగోలు ఒప్పందం కుదిరిన 194 పిపిస్ట్రెల్ మైక్రోలైట్లకు ఉన్నవి ఈ తరగతి ఇంజన్లే. అయితే వీటికి తయారీదారు అనుమతించిన ఇథనాల్ 10 శాతమే. దేశంలోని బంకుల్లో 2023 నుంచి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు విస్తరించింది. ఇథనాల్ తేమను ఆకర్షిస్తుంది. నీరు మితిమీరితే అది పెట్రోలును వీడి నీటితో కలిసి ట్యాంకు అడుగుకు చేరుతుంది. చెరకు రైతుకు మేలు చేసే విధానమే విహార విమానం యజమానికి ఇలా కొత్త సమస్యను తెచ్చిపెట్టింది.

పన్నెండేళ్ల గడువు

లైకోమింగ్ ఓ-235 ఇంజనును 2,400 గంటలకు లేదా 12 ఏళ్లకు, ఏది ముందైతే అప్పుడు పూర్తిగా విప్పి పునరుద్ధరించాలని తయారీదారు సూచిస్తోంది. వాణిజ్య పైలట్ లైసెన్సుకు మన దేశంలో 200 గంటల అనుభవం అవసరం. ఆ లెక్కన ఒక ఇంజను ఆయుర్దాయం స్థూలంగా 12 మంది శిక్షణకు సరిపోతుంది. ఏడాదికి 100 గంటలే ఎగిరితే మాత్రం గడువు ముగిసేనాటికి 1,200 గంటలే పూర్తవుతాయి. అంటే డాలర్లు పోసి కొన్న యంత్రంలో సగం వృథా. ఆ మిగిలిన సగం కూడా తుప్పు తినకుండా ఉంటేనే!

బెంగుళూరులోని జాతీయ వైమానిక పరిశోధన సంస్థ రూపొందించిన హంస విమానం కూడా రోటాక్స్ ఇంజనుతోనే ఎగురుతోంది. రెక్కలు స్వదేశీవే అయినా గుండె విదేశాలదే. ఈ నేపథ్యంలో ఉన్న ఇంజన్లను కాపాడుకోవడం విదేశీ మారకద్రవ్యాన్ని కాపాడుకోవడంతో సమానం.

వర్షాలు వెనుదిరిగి ఆకాశం తేటపడే శీతాకాలం కోల్‌కతాలో విహారానికి అనువైన రుతువు. రుతుపవనాల నెలల్లో మూలపడిన ఇంజనును నేరుగా రన్‌వేపైకి తేవడం మాత్రం తగదు. ఆయిలు మార్చి, సిలిండర్ల లోపలికి తొంగిచూసి, ట్యాంకు అడుగు నీటిని తీసివేశాకే తాళం తిప్పాలి. నేలమీద ఇందుకు వెచ్చించిన ఒక పూట, గాలిలో ఒక ప్రాణాన్ని నిలబెట్టవచ్చు.