దిమిలి బడి

రాంబిల్లి మండలంలోని పంచదార్ల గుడికి వెళ్తే అక్కడి రాతి స్తంభాల మీద పదిహేనో శతాబ్దపు శాసనాలు కనిపిస్తాయి. ఎలమంచిలి చాళుక్యులు తమ వంశ కీర్తినీ పుణ్యకార్యాలనూ చెక్కించుకున్నవి. ఇచ్చినవాడి పేరు రాయి మీదికి ఎక్కడం మనకు కొత్తేమీ కాదు. ఇప్పుడు రాయి బదులు ఫ్లెక్సీ వచ్చింది, అంతే తేడా.

అదే మండలంలోని దిమిలి కథ వేరు. ఆ ఊరి బిడ్డ భాగవతుల వెంకట పరమేశ్వరరావు అమెరికా వెళ్లి, పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో అణుశాస్త్రం చదివి డాక్టరేటు పుచ్చుకున్నారు. అంత చదివినవాడు ఏ బొంబాయిలోనో పెద్ద ఉద్యోగంలో కుదురుకుంటాడని ఎవరైనా అనుకుంటారు. ఆయన మాత్రం 1960ల చివర్లో దిమిలికే తిరిగొచ్చారు. ఊరికి హైస్కూలు లేదు. పై తరగతులు చదవాలంటే పొరుగూరికి నడవాలి, లేదా చదువు మానేసి పొలం పనికి పోవాలి. ఆడపిల్లలకైతే రెండోదే దారి.

ఆయన తలుచుకుంటే నాలుగు ఉత్తరాలు రాసి దాతలను పట్టుకోగలిగేవారే. అలా చేయలేదు. ఊరివాళ్లను కూర్చోబెట్టి, బడి కావాలంటే మనమే పూనుకోవాలన్నారు. తలా కొంత వేసుకున్నారు, ఒళ్లు వంచారు, బడి వచ్చింది. అది చూసి చుట్టుపక్కల ఊళ్లూ కదిలాయి.

పుచ్చుకునేవాడి చెయ్యి కూడా అందులో పడటమే ఈ పనిలోని కీలకం. నాట్లప్పుడు ఒకరి మడిలోకి ఒకరు బదులు పనికి వెళ్లడం పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్నదే. ఆ అలవాటునే పొలం గట్టు దాటించి బడి దాకా తీసుకొచ్చారనుకోవచ్చు. తన చెమట కలిసిన గోడకు బీట పడితే మనిషి చూస్తూ ఊరుకోడు. ఎవరో కట్టించి పోయిన గోడైతే అర్జీ రాసి కూర్చుంటాడు.

1976లో ఈ పనులన్నీ భాగవతుల చారిటబుల్ ట్రస్టు గొడుగు కిందికి వచ్చాయి. ఎలమంచిలి ప్రాంతంలో బీసీటీ అంటేనే ఎక్కువమందికి తెలుస్తుంది. మహిళల పొదుపు సంఘాలు, బడి మానేసిన పిల్లలకు చదువు, బంజరు భూముల్లో మొక్కల పెంపకం, రైతులకు శిక్షణ... పని బడితో ఆగలేదు. పరమేశ్వరరావు 2019లో కన్నుమూశారు.

అలాగని చేతిలో పెట్టి పంపే దానం తక్కువదని కాదు. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మ వేళ కాని వేళ గుమ్మంలోకి వచ్చినవారికి అన్నం పెట్టారు. ఆకలితో నిలబడ్డవాణ్ని నువ్వూ ఓ చెయ్యి వెయ్యమనడం కుదరదు కదా! ఆమె 1909లో పోయారు. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకం ఆమె పేరు మీదే నడుస్తోంది.

మంచి మనసుతో ఇచ్చినా సరిపోని సందర్భాలున్నాయి. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చారు. దేశమంతా భూదానం పాకింది. అయితే అలా వచ్చిన భూమిలో చాలా భాగం సాగుకు పనికిరానిదో, తగాదాల్లో ఉన్నదో అయింది. కాగితం మీద ఇచ్చిన నేల పేదవాడి నాగలి కిందికి రావాలంటే ఏళ్ల తరబడి వెంట తిరిగే మనుషులు కావాలి. సేవలో ఖరీదైన భాగం అదే, ఫొటోకు అందనిదీ అదే.

ఇప్పుడు రాంబిల్లి తీరు మారింది. తీరంలో నౌకాదళ స్థావరం, పక్కనే అచ్యుతాపురం సెజ్. పొలం పనికి వెళ్లాల్సిన వయసువాళ్లు షిఫ్టు బస్సు ఎక్కుతున్నారు. ఊరంతా ఒకచోట కూర్చుని మాట్లాడుకునే సాయంత్రాలు దొరకడం కష్టమే. కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరిన కుర్రాడు రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. ఉద్యోగంలో పడ్డాక అన్ని గంటలు ఎక్కడివి? వారాంతపు సెలవు రోజున ఓ గంట వెచ్చించి రక్తం ఇవ్వడం మాత్రం షిఫ్టులో ఉన్నవాడికీ సాధ్యమే. మగవాళ్లు మళ్లీ ఇవ్వడానికి మూడు నెలలు, ఆడవాళ్లు నాలుగు నెలలు ఆగితే చాలు. సెలవు నాడు పొదుపు సంఘం పద్దులు సరిచూసిపెట్టడం, పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పడం కూడా అలా కుదిరే పనులే. దిమిలిలోనూ మొదలైంది పిల్లల చదువుతోనే.