ఏడుసార్లు మిస్టర్ హైదరాబాద్, నాలుగు ఊళ్ల పెద్దన్న: శ్రీహరి విశేషాలు

బాలానగర్ నుంచి సుచిత్ర, కొంపల్లి దాటి ఉత్తరానికి పోతే మేడ్చల్ వస్తుంది. అల్వాల్, తూంకుంట మీదుగా పోతే శామీర్‌పేట చెరువు కనబడుతుంది. హైదరాబాద్‌కు ఈ వైపున పెరిగి, కండబలంతో సినిమాల్లోకి వెళ్లి, హీరోగా నిలబడి, మళ్లీ ఈ ఊళ్ల కోసం వెనక్కి వచ్చినవాడు రఘుముద్రి శ్రీహరి. అభిమానులకు ‘రియల్ స్టార్’. బతికింది నలభై తొమ్మిదేళ్లే. ఆ కొద్దికాలంలోని విశేషాలన్నీ ఒకచోట పేర్చి చూస్తే ఆయన బలం ఎప్పుడూ ఎవరికో ఒకరికి అండగానే కనబడుతుంది. తెర మీదా అంతే, బయటా అంతే.

పుట్టినరోజే జెండా పండుగ

శ్రీహరి పుట్టింది 1964 ఆగస్టు 15న. కుటుంబం మూలాలు కృష్ణా జిల్లాలో. పెరిగింది మాత్రం హైదరాబాద్ బాలానగర్‌లో. అది ఫ్యాక్టరీల పేట. అక్కడి కుర్రాళ్లకు ఉద్యోగమంటే షిఫ్టు, సరదా అంటే వ్యాయామశాల, సినిమా హాలు. శ్రీహరి మొదట పట్టుకున్నది వ్యాయామాన్ని. జిమ్నాస్టిక్స్‌లో జాతీయ స్థాయి దాకా వెళ్లారు.

ఇద్దరికీ అంకె ఏడే

శ్రీహరి ఏడుసార్లు ‘మిస్టర్ హైదరాబాద్’ టైటిల్ గెలిచారు. కండల పోటీల్లో ఏడు అనగానే ప్రపంచానికి గుర్తొచ్చే పేరు ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్. 1970 నుంచి 1975 వరకు వరసగా ఆరుసార్లు, మళ్లీ 1980లో ఒకసారి ఆయన ‘మిస్టర్ ఒలింపియా’ అయ్యారు. ఒకరిది ప్రపంచ వేదిక, ఒకరిది మన నగర వేదిక. పోటీల స్థాయి వేరైనా కసరత్తు ఒకటే: తెల్లవారకముందే లేవడం, నోరు కట్టుకోవడం, ఏడాది తర్వాత ఏడాది అదే వేదిక ఎక్కి మళ్లీ నిరూపించుకోవడం. ఒకసారి గెలవడానికి ఒంటి బలం చాలు. ఏడుసార్లు గెలవాలంటే క్రమశిక్షణ కావాలి.

ఆటగాళ్లను హీరోలు చేసిన హాలీవుడ్

ఒంటి బలాన్ని పెట్టుబడిగా పెట్టి తెర మీదికి వచ్చిన వాళ్లలో జానీ వైస్‌ముల్లర్ పేరు ముందు చెప్పాలి. 1922లో నూరు మీటర్ల ఈతను నిమిషంలోపు పూర్తిచేసిన తొలి మనిషి ఆయనే. 1924, 1928 ఒలింపిక్స్‌లో కలిపి ఈతలో అయిదు బంగారు పతకాలు తెచ్చారు. 1932 నుంచి టార్జాన్‌గా పన్నెండు సినిమాలు చేశారు.

శ్రీహరికి ఇంకా దగ్గరి పోలిక బర్ట్ లాంకాస్టర్. ఆయన సర్కస్‌లో కడ్డీల మీద విన్యాసాలు చేసిన మనిషి. మొదటి సినిమా ‘ది కిల్లర్స్’ 1946లో వచ్చేసరికి వయసు ముప్పై రెండు దాటింది. ‘ఎల్మర్ గాంట్రీ’తో ఉత్తమ నటుడిగా ఆస్కార్ అందుకున్నారు. సర్కస్ రోజుల జతగాడు నిక్ క్రావట్‌ను మాత్రం వదల్లేదు. తాను స్టార్ అయ్యాక కూడా అనేక సినిమాల్లో ఆ స్నేహితుణ్ణి పక్కన పెట్టుకున్నారు.

హీరో కావడానికి ఒక పుష్కరం

శ్రీహరి సినిమాల్లోకి వచ్చింది ఫైటర్‌గా. 1987లో ‘బ్రహ్మనాయుడు’తో తెర మీద కనబడ్డారు. హీరోగా మొదటి సినిమా ‘పోలీస్’ వచ్చింది 1999లో. అంటే సరిగ్గా పన్నెండేళ్లు. అప్పటికి ఆయన వయసు ముప్పై నాలుగు దాటింది. చాలామంది హీరోలు అప్పటికి రెండు మూడు డజన్ల సినిమాలు చేసి ఉంటారు.

ఆ పన్నెండేళ్లలో ఆయన నేర్చిందేమిటో తెలియాలంటే ఫైట్ సీన్‌ను దగ్గర్నుంచి చూడాలి. హీరో పిడికిలి ఎదుటివాడి దవడకు జానెడు దూరంలో ఆగిపోతుంది. అక్కడి నుంచి పనంతా ఫైటర్‌దే. మెడ ఎప్పుడు తిప్పాలి, కాలు ఎక్కడ జారాలి, భుజం మీద ఎలా పడాలి, పడ్డాక దొర్లుతూ కెమెరాకు అడ్డం రాకుండా ఎటు పోవాలి, అన్నీ అతను లెక్క చూసుకోవాలి. రెప్పపాటు తేడా వస్తే షాట్ పోతుంది, లేదా ఎముక విరుగుతుంది. హీరో కొట్టిన దెబ్బకు బరువు తెచ్చేది కింద పడేవాడే. ఎదుటివాణ్ణి గొప్పగా చూపించడమే ఆ పనిలో నైపుణ్యం. శ్రీహరి దాన్ని హీరో అయ్యాక కూడా మరిచిపోలేదు.

హీరోగా వరస సినిమాలు

‘పోలీస్’ తర్వాత ‘సాంబయ్య’, ‘గణపతి’, ‘అయోధ్య రామయ్య’, ‘విజయరామరాజు’, ‘భద్రాచలం’, ‘పృథ్వీ నారాయణ’, ‘హనుమంతు’ వచ్చాయి. పేర్లు చూడండి: చాలావరకు దేవుళ్లు, ఊళ్లు, ఇంట్లో పిలుచుకునే పేర్లు. ఆయన హీరోగా నిలబడింది పక్కింటి పెద్దన్నలా కనబడ్డందుకే. ‘భద్రాచలం’లో ఊరి యువకుడు తైక్వాండో ఆటగాడిగా ఎదుగుతాడు. నిజ జీవితంలో క్రీడాకారుడైన నటుడికి అంతకంటే అతికినట్టుండే పాత్ర దొరకదు.

అవార్డు తెచ్చిన అన్న పాత్ర

2005లో వచ్చిన ‘నువ్వొస్తానంటే నేనొద్దంటానా’లో శివరామకృష్ణ పాత్రకు శ్రీహరి ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ సహాయ నటుడు అవార్డు అందుకున్నారు. అప్పటికే హీరోగా సొంత మార్కెట్ ఉన్న నటుడు. అయినా అన్న వేషానికి ఒప్పుకున్నారు.

ఆ పాత్రను దగ్గరగా చూస్తే ఎందుకు ఒప్పుకున్నారో తెలుస్తుంది. చెల్లెల్ని ప్రేమించిన డబ్బున్న కుర్రాడు ఇంటి ముందు నిలబడితే శివరామకృష్ణ చేయి ఎత్తడు. నాకంటే ఎక్కువ పంట పండించి చూపించమంటాడు. అంత శరీరం ఉన్న నటుడు ఆ సినిమాలో చాలాసేపు చేతులు కట్టుకుని, గట్టు మీద నిలబడి, కళ్లతోనే నటించారు. చివరికి ఆ కుర్రాడి మీద పడాల్సిన నేరాన్ని తన మీద వేసుకుని జైలుకు వెళ్లేది కూడా ఆ అన్నే. తెలుగు తెర మీద అన్న పాత్రలెన్నో వచ్చాయి. వాటిలో మొదటి వరసలో ఉండాల్సిన పాత్ర ఇది.

భాషలు దాటిన కథ

అదే సినిమా తమిళం, కన్నడం, బెంగాలీ, ఒడియా, మణిపురి, పంజాబీ, హిందీ వంటి భాషల్లో మళ్లీ తయారైంది. మన దేశంలో ఎక్కువ భాషల్లోకి వెళ్లిన కథల్లో ఇదొకటి. శ్రీహరి వేసిన అన్న పాత్రను తమిళంలో శివాజీ గణేశన్ కుమారుడు ప్రభు, హిందీలో సోనూ సూద్ వేశారు.

పేరొకటే, సినిమాలు రెండు

2009లో వచ్చిన ‘మగధీర’లో శ్రీహరి షేర్ ఖాన్. రాజ్యం మీదికి దండెత్తి వచ్చిన శత్రువు. వంతెన మీద నూరుగురిని ఒక్కడే నిలువరించిన కాలభైరవుణ్ణి చూసి మనసు మారిపోయే శత్రువు. మరుజన్మలో సోలోమన్‌గా పుట్టి హీరోకు అండగా నిలుస్తాడు.

2013 సెప్టెంబరులో వచ్చిన ‘తుఫాన్’లోనూ ఆయన పాత్ర పేరు షేర్ ఖానే. రెండు సినిమాల్లోనూ హీరో రామ్ చరణ్. రెండింట్లోనూ షేర్ ఖాన్ ముందు ఎదురు నిలిచి, తర్వాత ప్రాణమిచ్చే స్నేహితుడవుతాడు. ‘తుఫాన్’లోని ఈ పాత్రకు పెద్ద వంశవృక్షమే ఉంది. 1973 ‘జంజీర్’లో ప్రాణ్, 1974లో ఎన్టీఆర్ ‘నిప్పులాంటి మనిషి’లో కైకాల సత్యనారాయణ వేసిన పాత్ర అది. ‘తుఫాన్’ హిందీ వెర్షన్‌లో దాన్ని సంజయ్ దత్ వేస్తే, తెలుగులో శ్రీహరి వేశారు.

ఇంట్లో ఇద్దరు తారలు

శ్రీహరి భార్య శాంతి దక్షిణాది తెరకు ‘డిస్కో శాంతి’గా తెలుసు. ఆమె తండ్రి సి.ఎల్. ఆనందన్ 1960 నాటి ‘విజయపురి వీరన్’ హీరో. పెళ్లయ్యాక ఆమె సినిమాలు మానేశారు. వారి కుమారుడు మేఘాంశ్ 2019లో ‘రాజ్‌దూత్’తో హీరోగా వచ్చాడు.

అవార్డు సినిమా, చివరి షూటింగ్

‘నువ్వొస్తానంటే నేనొద్దంటానా’ ప్రభుదేవాకు దర్శకుడిగా తొలి సినిమా. ఎనిమిదేళ్ల తర్వాత అదే ప్రభుదేవా తీస్తున్న హిందీ సినిమా ‘ఆర్... రాజ్‌కుమార్’ షూటింగ్ కోసం శ్రీహరి ముంబై వెళ్లారు. అక్కడే అనారోగ్యం పాలై, 2013 అక్టోబరు 9న లీలావతి ఆసుపత్రిలో కన్నుమూశారు.

నాలుగు నెలల పాప పేరు మీద నీళ్లు

శ్రీహరి, శాంతి దంపతులకు పుట్టిన పాప అక్షర నాలుగు నెలలకే చనిపోయింది. ఆ పాప పేరు మీద అక్షర ఫౌండేషన్ పెట్టారు. మేడ్చల్ ప్రాంతంలో నాలుగు గ్రామాలను దత్తత తీసుకున్నారు. పిల్లలకు బడి సామాను ఇచ్చారు. అన్నిటికంటే ముఖ్యంగా, ఫ్లోరైడ్ లేని తాగునీళ్లు ఇచ్చే పని పెట్టుకున్నారు.

ఆ పని విలువ బోరు నీళ్లు తాగినవాళ్లకు తెలుస్తుంది. మేడ్చల్, శామీర్‌పేట వైపు ఎటు చూసినా కనబడే గుండ్లు గ్రానైట్ రాళ్లు. భూమి లోపల అలాంటి రాళ్లను ఒరుసుకుంటూ నీళ్లు ఏళ్ల తరబడి నిలిస్తే అందులోకి ఫ్లోరైడ్ దిగుతుంది. బోరు లోతుకు పోయేకొద్దీ ఆ భయం ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. దాటిన నీళ్లు తాగితే ముందు పిల్లల పళ్ల మీద గోధుమ రంగు చారలు వస్తాయి, ఏళ్లు గడిస్తే ఎముకలు బిగుసుకుపోతాయి. ఫ్లోరైడ్‌కు రంగు, రుచి, వాసన ఏదీ ఉండదు. నీళ్లు కాచినా పోదు. పైగా నీరు ఆవిరైనకొద్దీ దాని శాతం పెరుగుతుంది. పటిక, సున్నంతో దాన్ని తీసే పద్ధతికి ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరు పడిందంటే, మన నేల ఎంత బాధపడిందో తెలుస్తుంది.

తన బిడ్డను కాపాడుకోలేకపోయిన తండ్రి పక్క ఊళ్ల బిడ్డల గ్లాసులోని నీళ్ల గురించి ఆలోచించారు. శ్రీహరి సాధించిన వాటిలో ఇదే అన్నిటికంటే పెద్దది.

ఒకే జిల్లా

ఆయన్ను బాచుపల్లిలోని వ్యవసాయ క్షేత్రంలో, అక్షర సమాధి పక్కనే ఉంచారు. మూడేళ్ల తర్వాత, 2016 అక్టోబరులో మేడ్చల్ జిల్లా ఏర్పడింది. పెరిగిన బాలానగర్, దత్తత తీసుకున్న ఊళ్లు, నిద్రపోతున్న బాచుపల్లి ఇప్పుడు ఆ ఒక్క జిల్లాలోనే ఉన్నాయి.

మీ ఊరు కూడా బోరు నీళ్లు తాగే ఊరైతే ఒక్క పని చేయండి. ఒక సీసా నీళ్లు పట్టి, నీటి పరీక్ష కేంద్రంలో ఫ్లోరైడ్ ఎంత ఉందో చూపించండి. శ్రీహరి సినిమా మళ్లీ చూడటం కంటే ఆయనకు అదే మంచి నివాళి.