ఘాట్ రోడ్డుపై పాత అంబాసిడర్

కొండ ఎక్కడానికి ఇంజను బలం కావాలి. క్షేమంగా దిగడానికి బ్రేకుల బలం కావాలి. పాత కార్ల యజమానులలో చాలామంది మొదటిదాని కోసం తాపత్రయపడి రెండవదానిని మరచిపోతుంటారు.

తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లోను, రెండవది 1974లోను ఏర్పడ్డాయి. నేడు వాహనాలు కొత్త దారిన ఎక్కి పాత దారిన దిగుతాయి. ఆ మలుపులలో దశాబ్దాల తరబడి కుటుంబాలకు కుటుంబాలను మోసిన వాహనం అంబాసిడర్. ఉత్తరపారా కర్మాగారంలో దాని ఉత్పత్తి 2014లో నిలిచిపోయినా, తాతతండ్రుల నాటి బండిని వదులుకోలేక ఇంకా నడుపుకొంటున్నవారు ఉన్నారు. అటువంటి బండితో కొండదారి పట్టేవారు ముందుగా దాని బలాబలాలు తెలుసుకోవడం అవసరం.

భారమెంత? బలమెంత?

మారిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై రూపొందిన అంబాసిడర్‌లో చాలాకాలం ఉన్నది 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను. కొత్తలోనే దాని శక్తి సుమారు 50 అశ్వశక్తి. తరువాత వచ్చిన డీజిలు ఇంజను శక్తి 40 కూడా లేదు. ఐదుగురు కూర్చుంటే బండి మొత్తం బరువు 1500 కిలోల వరకు ఉంటుంది. పది మీటర్లకు ఒక మీటరు చొప్పున లేచే వాలుపై గంటకు 36 కిలోమీటర్ల వేగంతో ఆ బరువును పైకి లాగడానికే 20 అశ్వశక్తి ఖర్చవుతుంది. గేర్లలోను, టైర్లలోను కలిగే నష్టం దీనికి అదనం. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. ప్రతి 1000 మీటర్లకు ఇంజను శక్తిలో సుమారు పదోవంతు తరిగిపోతుంది. 2200 మీటర్లు దాటిన ఊటీ చేరేసరికి ఐదోవంతు శక్తి మాయమైనట్లే.

కనుక అనుభవజ్ఞుడైన డ్రైవరు ఇంజను మూలిగేవరకు ఆగడు. మలుపుకు ముందే గేరు తగ్గిస్తాడు. చిన్న గేరులో బండి మెల్లగా పోయినా ఇంజను స్వేచ్ఛగా తిరుగుతుంది. ఇరుకు దారిలో ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలన్న నియమం కూడా ఇందుకే: ఎక్కుతూ ఆగిన బలహీనపు బండి తిరిగి కదలడం కష్టం.

ఎక్కేటప్పుడు మరో శత్రువు వేడి. వేగం తక్కువ కావడం వల్ల రేడియేటరుకు తగినంత గాలి తగలదు. నీళ్లు మరుగుతున్నప్పుడు తొందరపడి మూత తీస్తే ఆవిరి ముఖానికి ఎగజిమ్ముతుంది. బండిని నీడన ఆపి, చల్లారేదాకా వేచి ఉండటమే మార్గం. ఒక్కొక్కసారి పంపులోనే పెట్రోలు ఆవిరై ఇంజను ఆగిపోతుంది. అప్పుడు పంపుపై తడిగుడ్డ వేసి చల్లబరచడం పాత డ్రైవర్లకు తెలిసిన కిటుకు.

దిగువ దారిలో పొంచి ఉన్న ముప్పు

అసలు ప్రమాదం తిరుగు ప్రయాణంలోనిది. 1500 కిలోల బండి 700 మీటర్లు దిగితే విడుదలయ్యే శక్తి, మామూలు నీటిని 30 లీటర్ల వరకు మరిగించగలదు. ఆ భారమంతా బ్రేకులపైనే మోపితే డ్రమ్ములు కాలిపోయి వ్యాకోచిస్తాయి, లైనింగులు పట్టు కోల్పోతాయి. ఏళ్ల తరబడి మార్చని బ్రేకు ద్రవం తేమ పీల్చుకొని ఉంటుంది కనుక త్వరగా మరుగుతుంది. అప్పుడు పెడల్ నేలకు తాకినా బండి ఆగదు.

దీనికి విరుగుడు ఇంజనే. ఎక్కడానికి ఏ గేరు అవసరమైందో, దిగడానికీ ఆ గేరే మేలు. పెట్రోలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో జారవిడవడం ప్రాణాలతో చెలగాటం.

ఏది ముందు, ఏది తరువాత?

బండికి బలం చేకూర్చదలచినవారు కొత్త ఇంజను కోసం పరుగెత్తేముందు ఉన్నదాని ఆరోగ్యం చూసుకోవాలి. కంప్రెషన్, టాపెట్లు, ఇగ్నిషన్ టైమింగ్ సరిచేసి, రేడియేటరులోని తుప్పు కడిగిస్తే పోయిన బలంలో కొంత తిరిగి వస్తుంది. తరువాత బ్రేకుల వంతు: కొత్త లైనింగులు, కొత్త ద్రవం, వీలైతే ముందు చక్రాలకు డిస్కులు.

ఇంజను మార్పిడి ఆ తరువాతి మాట. 1990ల దశకంలో అంబాసిడర్‌కు 1.8 లీటర్ల ఇసుజు ఇంజను, ఐదు గేర్ల పెట్టె వచ్చాయి. పాత బండిలో వాటిని అమర్చాలంటే ఇంజను దిమ్మెలు, ప్రొపెల్లర్ షాఫ్టు, రేడియేటరు సరిచూడాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ఆ మార్పును రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదు చేయించాలి. డిఫరెన్షియల్ పళ్ల నిష్పత్తి మార్చినా ఎక్కుడు సులువవుతుంది. కాని చదును నేలపై వేగం తగ్గుతుంది, పెట్రోలు ఖర్చు పెరుగుతుంది.

బలం పెరిగిన బండి వేగంగా ఎక్కుతుంది, అంతకంటె వేగంగా దిగాలని తొందరపెడుతుంది. బ్రేకులు పాతవిగానే మిగిలితే ఆ బలమే శాపమవుతుంది. ఎక్కడం పది నిమిషాలు ఆలస్యమైతే పోయేదేమీ లేదు; దిగేటప్పుడు ఒక్క క్షణం ఆగలేకపోతే మిగిలేదేమీ ఉండదు.