కొత్త కారును పొడిగుడ్డతో ఎందుకు తుడవకూడదు?

శంషాబాద్‌లో కొత్త కారును ఒక్క రోజు బయట నిలబెడితే చాలు, ఒళ్లంతా దుమ్మే! 2008లో విమానాశ్రయం మొదలయ్యాక ఈ చుట్టుపక్కల రోడ్లు, భవనాల పనులు బాగా పెరిగాయి. పైగా ఇక్కడి నేల అడుగున ఉన్నది గ్రానైట్. అందులో ఉండి దుమ్ములో కలిసే క్వార్ట్జ్ ఖనిజం గాజును కూడా గీయగలదు.

కారు రంగు మీద క్లియర్‌కోట్ అనే పారదర్శకమైన పూత ఉంటుంది. దాని మందం సాధారణంగా తల వెంట్రుక కన్నా తక్కువే. పొడిగుడ్డతో రుద్దారా, దుమ్ములోని రేణువులు గరుకు కాగితంలా దాన్ని గీకేస్తాయి. ఎండలో చూస్తే ఆ సన్నటి గీతలు బయటపడతాయి.

మరి ఎలా కడగాలి? ముందు నీళ్లు కొట్టి దుమ్మును జార్చాలి. తర్వాత కార్ షాంపూ నురగ, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ. గుడ్డను వేరే బకెట్‌లో జాడిస్తూ ఉండాలి, లేదంటే తీసిన మట్టినే మళ్లీ రుద్దినట్టు. గిన్నెలు తోమే సబ్బు వద్దు. జిడ్డు వదిలించే ఆ సబ్బు కారుకు రక్షణగా పూసిన మైనాన్నీ పోగొడుతుంది. వాహన పూజలో పెట్టిన పసుపు కుంకుమలు కూడా నీళ్లతోనే తీయాలి, గోళ్లతో గీకకూడదు!

బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలుంటాయి. నీళ్లు ఎండకు ఆవిరైతే అవి తెల్లమచ్చలుగా మిగిలిపోతాయి. అందుకే నీడలో కడిగి, వెంటనే తడి తుడిచేయాలి.

పాలిష్ మాత్రం కొత్త కారుకు అక్కర్లేదు. పాలిష్ అంటే ఆ పలుచని క్లియర్‌కోట్‌ను ఇంకాస్త అరగదీయడమే. ఒక కార్ షాంపూ, రెండు మైక్రోఫైబర్ గుడ్డలు కొనండి, చాలు.