తప్పు ఒప్పుకున్నారు సరే... తప్పు కట్టిందెవరు?

మా టీమ్‌లో టెక్ లీడ్ ఒకావిడ ఉన్నారు. ఉండేది ఆక్లాండ్‌లో. నేనేమో వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని ఈపురుపాలెంలోనే ఉంటున్నా. ఓ రోజు మీటింగ్ మొదలయ్యే ముందు నా వెనకాల నుంచి టకటకా చప్పుడు వినపడుతుంటే, ‘‘ఏంటది?’’ అనడిగారు. పక్కింట్లో మగ్గం మీద చీర నేస్తున్నారని చెప్పా.

‘‘మీది ఏ జిల్లా?’’

‘‘ఇప్పుడు బాపట్ల. 2022 దాకా ప్రకాశం. అంతకుముందు గుంటూరు.’’

‘‘అంతకుముందు?’’

తెలీదు. అక్కడికక్కడే ఫోన్‌లో వెతికా. ఇప్పటి గుంటూరు జిల్లా ఏర్పడిందే 1904లో. దానికి ముందు బాపట్ల తాలూకా అంతా కృష్ణా జిల్లాలో ఉండేదట. ఆ మాట చెప్పగానే ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చాట్‌లో ఓ ఫొటో వచ్చింది. నూట ఇరవై ఏళ్లు దాటిన ఎమిగ్రేషన్ పాస్. పేరు, తండ్రి పేరు, వయసు, కులం. జిల్లా: కృష్ణా. తాలూకా: బాపట్ల. ఊరి పేరు దగ్గర మాత్రం సిరా అలుక్కుపోయింది.

అది ఆవిడ నాన్నగారి తాతది. మద్రాసు రేవులో ఓడెక్కి ఫిజీ వెళ్లిన మనిషి. ఈ కథ ఆయనది కాదు. ఆయన మనవడిది. 1987లో సైన్యం ప్రభుత్వాన్ని కూలదోస్తే, మరుసటి ఏడాది ఉద్యోగం, ఇల్లు వదిలేసి దేశం దాటిన ఓ బడిపంతులుది.

ఒకే తేదీ, రెండు చరిత్రలు

ఫిజీ అనగానే మనకు బీచ్‌లు, హనీమూన్ ప్యాకేజీలు గుర్తొస్తాయి. నాక్కూడా అంతే. అక్కడ మన వాళ్లు ఉన్నారని తెలుసు గానీ, ఎలా వెళ్లారో తెలీదు.

1879 మే 14న లియోనిదాస్ అనే ఓడ మొదటి కూలీలతో ఫిజీ చేరింది. చెరకు తోటల్లో ఐదేళ్లు పనిచేయాలన్నది ఒప్పందం. ఆ ‘అగ్రిమెంట్’ అన్న మాటే వాళ్ల నోట్లో ‘గిర్మిట్’ అయింది. 1916 వరకు 60 వేల మందికి పైగా వెళ్లారు. ముందంతా కలకత్తా నుంచే. 1903లో మద్రాసు నుంచి ఓడలు మొదలయ్యాక అక్కణ్నుంచి 15 వేల మంది వెళ్లారు. ఉత్తర ఆర్కాట్, కృష్ణా, గోదావరి, విశాఖపట్నం జిల్లాల వాళ్లు వీళ్లలో ఎక్కువ. ఫిజీలో తెలుగువాళ్లకంటూ 1941 నుంచే ఓ ఆంధ్ర సంగం ఉంది.

ఇప్పుడు రెండో మే 14. సంవత్సరం 1987. ఫిజీలో నెల క్రితమే ఎన్నికలు జరిగాయి. ఆదివాసీ ఫిజియన్ అయిన డాక్టర్ తిమోథి బవాద్రా, భారత సంతతి పార్టీతో కలిసి గెలిచి ప్రధాని అయ్యారు. ఆ రోజు ఉదయం 10 గంటలప్పుడు ముఖాలకు ముసుగులు వేసుకున్న సైనికులు తుపాకులతో పార్లమెంటులోకి వచ్చారు. నడిపించింది లెఫ్టినెంట్ కల్నల్ సితివేని రబుకా. దేశం భారతీయుల చేతుల్లోకి పోతోంది, ఆదివాసీల హక్కులు కాపాడాలి అన్నది ఆయన చెప్పిన కారణం.

సెప్టెంబర్‌లో ఆయనే రెండోసారి తిరుగుబాటు చేశారు. అక్టోబర్‌లో ఫిజీని రిపబ్లిక్‌గా ప్రకటించారు. 1990లో వచ్చిన రాజ్యాంగం ప్రకారం ప్రధాని పదవి ఆదివాసీ ఫిజియన్లకే. బవాద్రా మళ్లీ ఆ కుర్చీ ఎక్కకుండానే 1989లో చనిపోయారు.

‘‘మా నాన్న ఆ రోజు క్లాసులో లెక్కలు చెబుతున్నారట. హెడ్‌మాస్టర్ వచ్చి పిల్లల్ని ఇళ్లకు పంపేయమన్నారట. బోర్డు మీద లెక్క సగంలోనే ఉండిపోయిందని ఇప్పటికీ అంటారు’’ అని చెప్పారు మా లీడ్. ఆవిడకి అప్పుడు ఐదేళ్లు. ఆవిడకి గుర్తున్నదల్లా ఆదివారాలు. ఆ ఏడాది చివర్లో వచ్చిన ఆదివారం చట్టంతో బస్సులు, దుకాణాలు అన్నీ బంద్. ‘‘అమ్మమ్మ వాళ్లింటికి వెళ్లడం ఆగిపోయింది. నాకు తిరుగుబాటంటే అదే.’’

ఖాళీ అయిన ఇళ్లు

1986 జనాభా లెక్కల్లో ఫిజీలో భారత సంతతి వాళ్లు 48 శాతానికి పైనే. 2007 నాటికి 37 శాతం చిల్లర. టీచర్లు, నర్సులు, డాక్టర్లు, అకౌంటెంట్లు ముందు వెళ్లిపోయారు. ఆక్లాండ్, సిడ్నీ, వాంకూవర్... ఎక్కడ వీసా దొరికితే అక్కడికి.

ఊరు వదలడం మా వైపు వాళ్లకు తెలియనిది కాదు. 1921లో మునిసిపాలిటీ పన్నులు కట్టం అంటూ చీరాల-పేరాల జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఊళ్లు ఖాళీ చేసి, రామనగర్‌లో పాకలు వేసుకుని దాదాపు 11 నెలలు ఉన్నారు. కానీ వాళ్లు తిరిగొచ్చారు. ఫిజీ వాళ్లు రాలేదు. తేడా అదే.

మా లీడ్ నాన్నగారు ఇల్లు వచ్చిన కాడికి అమ్మేశారు. ఆక్లాండ్‌లో ఆయన టీచర్ సర్టిఫికెట్ పనికిరాలేదు. రిటైరయ్యే దాకా ఓ గోడౌన్‌లో రాత్రి షిఫ్టులు చేశారు.

ముగ్గురు నాయకులు, మూడు లెక్కలు

నాకు ఆసక్తి పెరిగింది ఇక్కడే. తిరుగుబాటు చేసినవాళ్లకు తర్వాత ఏమైంది? ఫిజీలో ఇందుకు ముగ్గురు దొరుకుతారు.

మొదటివారు రబుకా. 1992లో ఎన్నికల్లో గెలిచి ప్రధాని అయ్యారు. తర్వాత తన మనసు మారిందన్నారు. భారత సంతతి ప్రతిపక్ష నేత జైరామ్ రెడ్డితో కూర్చుని 1997లో కొత్త రాజ్యాంగం తెచ్చారు. పాత వివక్షలో చాలా భాగం దాంతో పోయింది. ఈ రెడ్డిగారి సంగతి కాస్త ఆగి చెప్తా. 1999లో రబుకా ఓడిపోయారు. 2022 ఎన్నికల్లో తిరిగి వచ్చారు. 28-27 ఓట్లతో పార్లమెంటు ఆయన్ని ప్రధానిగా ఎన్నుకుంది. ఆయనకు మెజారిటీ ఇచ్చిన పార్టీల్లో ఒకటి నేషనల్ ఫెడరేషన్ పార్టీ. అంటే, 1987లో ఆయన కూలదోసిన కూటమిలోని పార్టీయే! 2023 మే 14న రబుకా భారత సంతతి ప్రజలకు బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ఆ ఏడాది నుంచే గిర్మిట్ డే సెలవు మొదలైంది.

రెండోవాడు జార్జ్ స్పేట్. 1999లో గెలిచి తొలి భారత సంతతి ప్రధాని అయిన మహేంద్ర చౌదరిని, మంత్రుల్ని 2000 మే 19న పార్లమెంటులో బందీలుగా పట్టుకున్నాడు. 56 రోజులు. పల్లెల్లో దాడులకు భయపడి పారిపోయిన కుటుంబాలు లౌటోకాలోని గిర్మిట్ సెంటర్‌లో తలదాచుకున్నాయి. తాతల జ్ఞాపకార్థం కట్టిన భవనం మనవలకు శరణార్థి శిబిరం అయింది. స్పేట్ రాజద్రోహం నేరం ఒప్పుకున్నాడు. ఉరిశిక్ష పడి, యావజ్జీవంగా మారింది. 2024 సెప్టెంబర్‌లో క్షమాభిక్షతో బయటికొచ్చాడు.

మూడోవారు ఫ్రాంక్ బైనీమరామా. అప్పటి సైన్యాధిపతి. 2006 డిసెంబర్ 5న అవినీతి కడిగేస్తానంటూ అధికారం పట్టుకున్నారు. 2009 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు అది చట్టవిరుద్ధం అని తీర్పు ఇస్తే, మర్నాడే రాజ్యాంగం రద్దయింది, జడ్జీలంతా ఇంటికెళ్లారు. పత్రికల మీద సెన్సార్. కానీ ఇదే మనిషి జాతి ప్రాతిపదికన ఉన్న ఓటర్ల జాబితాలు తీసేశారు. దేశ పౌరులు ప్రతి ఒక్కరూ ‘ఫిజియన్’ అన్నారు. అంతకుముందు ఆ పేరు ఆదివాసీలకే. అందుకే చాలామంది భారత సంతతి వాళ్లు ఆయన్ని దేవుడిలా చూశారు. 2014 ఎన్నికల్లో ఆయన పార్టీకి 59 శాతం ఓట్లు వచ్చాయి.

మా లీడ్ ఇంట్లోనే ఈ గొడవ ఉంది. వాళ్ల బాబాయి సువాలోనే ఉండిపోయారు. ‘‘బైనీమరామా లేకపోతే మేం ఈ దేశంలో అద్దెకున్నట్టే’’ అంటారాయన. ‘‘తుపాకీతో ఇచ్చిన హక్కు తుపాకీతోనే పోతుంది’’ అంటారు వాళ్ల నాన్న. పండక్కి ఫోన్ చేసుకున్నా రాజకీయాలు రాకుండా జాగ్రత్తపడతారట.

2024 మేలో బైనీమరామాకు ఏడాది జైలుశిక్ష పడింది. తిరుగుబాటు చేసినందుకా? కాదు. 2020లో ఓ యూనివర్సిటీకి సంబంధించిన పోలీసు దర్యాప్తును ఆపమని పోలీస్ కమిషనర్‌కు చెప్పినందుకు!

రివర్ట్ చేయలేని కమిట్

ప్రభుత్వాన్నే కూల్చితే ఏమీ కాలేదు, ఒక దర్యాప్తులో వేలు పెడితే జైలా? ఇదెలా అని వెతికితే సమాధానం 2013 రాజ్యాంగంలో ఉంది. బైనీమరామా హయాంలోనే వచ్చిన రాజ్యాంగం. దాని పదో అధ్యాయం మొత్తం రక్షణ గురించే. 1987 తిరుగుబాటుకు పాత రాజ్యాంగం ఇచ్చిన రక్షణ కొనసాగుతుంది. 2006 నాటి పనులకూ కేసులుండవు. చివర్లో ఇంకో మాట ఉంది. ఈ అధ్యాయాన్ని ఎవరూ సమీక్షించకూడదు, సవరించకూడదు, రద్దు చేయకూడదు.

మన భాషలో చెప్పాలంటే, ఒకడు నేరుగా ప్రొడక్షన్‌లోకి కోడ్ తోసేసి, రివర్ట్ ఆప్షన్ కూడా తీసేసి, పైగా లాగ్స్ ఎవరూ చూడకూడదని రూల్ పెట్టినట్టు. స్పేట్‌కు ఈ కవచం దొరకలేదు. ఎందుకంటే అతను ఓడిపోయాడు. గెలిచిన ఇద్దరికీ రక్షణ, ఓడినవాడికి జైలు. ఇక్కడ శిక్ష పడింది తప్పుకు కాదు, ఓటమికి.

మన దగ్గర కూడా 1984 ఆగస్టు 16న ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని గవర్నర్ రామ్‌లాల్ బర్తరఫ్ చేసి, నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించారు. ఎవరిది తప్పన్న దాని మీద ఇప్పటికీ ఇళ్లల్లో వాదనలు నడుస్తాయి. కానీ జనం రోడ్డెక్కారు, సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు, 1985లో ఎన్నికలొచ్చాయి. సైన్యం బ్యారక్‌లోనే ఉంది కాబట్టి లెక్క నెల రోజుల్లో తేలింది. ఫిజీలో దాదాపు నలభై ఏళ్లయినా తేలలేదు.

రెడ్డిగారు చెల్లించిన మూల్యం

జైరామ్ రెడ్డి 1987లో కూలిపోయిన ప్రభుత్వంలో న్యాయశాఖ మంత్రి. తనను పదవి నుంచి తరిమిన మనిషితోనే పదేళ్ల తర్వాత రాజ్యాంగం రాశారు. ఆదివాసీ పెద్దల మహామండలిలో ప్రసంగించిన మొదటి భారత సంతతి నాయకుడు ఆయనే. ఫలితం? 1999 ఎన్నికల్లో ఆయన పార్టీకి ఒక్క సీటూ రాలేదు. తిరుగుబాటు చేసినవాడితో చేతులు కలిపాడని సొంతవాళ్లే పక్కన పెట్టారు. తర్వాత ఆయన రువాండా మారణహోమం కేసులు విచారించిన అంతర్జాతీయ ట్రిబ్యునల్‌లో జడ్జి అయ్యారు. సొంత దేశంలో కోర్టు మెట్లెక్కని ప్రశ్న, వేరే దేశం కోసం విన్నారన్నమాట. 2022 ఆగస్టులో చనిపోయారు. రబుకా క్షమాపణ ఆయన వినలేదు.

నాయనమ్మ అడిగిన ప్రశ్న

ఓ ఆదివారం మా లీడ్ వీడియో కాల్‌లో వాళ్ల నాన్నగారిని చూపించారు. మా నాయనమ్మ పక్కనే ఉంది. ఆయనకు తెలుగు పది పదిహేను మాటలు వచ్చు. ‘బువ్వ’, ‘అమ్మ’, ‘దా’... అంతే. మిగతాదంతా ఫిజీ హిందీ. నేను మధ్యలో అనువాదం. రబుకా క్షమాపణ చెప్పారన్న దగ్గర నాయనమ్మ ఆపింది.

‘‘తప్పు ఒప్పుకున్నాడు, సరే. తప్పు కట్టాడా?’’

నాకు అర్థం కాలేదు. నాయనమ్మే చెప్పింది. వాళ్ల రోజుల్లో పంచాయితీలో తప్పు ఒప్పుకుంటే సరిపోయేది కాదు. పెద్దమనుషుల ముందు, నష్టపోయినవాణ్ణి కూర్చోబెట్టి, ఏం నష్టమైందో ఒక్కొక్కటే చెప్పించేవాళ్లు. ఆ తర్వాతే తప్పు కట్టించేవాళ్లు. ‘‘డబ్బు సంగతి తర్వాతరా అబ్బాయ్. ముందు ఆ అన్నయ్యకి ఏం పోయిందో ఎవురన్నా కూర్చోబెట్టి అడిగారా?’’

ఆ మాట మా లీడ్ వాళ్ల నాన్నగారికి చెప్పారు. ఆయన చాలాసేపు స్క్రీన్ వైపే చూశారు. తర్వాత ‘‘నహీ’’ అన్నారు.

1987 నుంచి జరిగినవాటిని వినడానికి ఫిజీలో ట్రూత్ అండ్ రికన్సిలియేషన్ కమిషన్ వచ్చింది. 2024 చివర్లో చట్టమైంది, 2025లో కమిషన్ ఏర్పాటైంది. శిక్షలు వేసే అధికారం దానికి లేదు. ‘‘మరి దేనికి?’’ అని వాళ్ల బాబాయి కొట్టిపారేశారట. నేనూ మొదట అదే అనుకున్నా. కానీ రూట్ కాజ్ ఏంటో రాసుకోకుండా టికెట్ క్లోజ్ చేస్తే, అదే బగ్ మళ్లీ వస్తుందని మా ఉద్యోగం రోజూ నేర్పుతూనే ఉంది. ఫిజీకి అది నాలుగుసార్లు వచ్చింది. 1987లో రెండు, 2000లో ఒకటి, 2006లో ఒకటి. క్షమించాలా వద్దా అన్నది నష్టపోయినవాళ్ల ఇష్టం. రాజ్యాంగం వాళ్ల తరఫున ముందే క్షమించేయకూడదు.

కమిషన్‌కు స్టేట్‌మెంట్ ఇస్తానని పెద్దాయన మొన్న ఒప్పుకున్నారు. ఆయన చెబుతుంటే మా లీడ్ టైప్ చేస్తున్నారు. ఫార్మాట్ సరిచేయమని ఆ షీట్ నాతోనూ షేర్ చేశారు. ‘ఏం పోయింది’ అన్న కాలమ్‌లో ఇరవై మూడు వరసలున్నాయి. ఇల్లు. పదహారేళ్ల సర్వీసు. తమ్ముడితో మాటలు. అమ్మ చివరి చూపు. బోర్డు మీద సగంలో ఆగిన లెక్క.

పక్కన ‘విలువ’ అనే కాలమ్ కూడా ఉంది. అందులో ఇంకా ఏమీ రాయలేదు.